వంతెన మీద కారు

చెన్నై చింతాద్రిపేటలో మాది నేత కుటుంబం. మా కారును తయారుచేసిన కంపెనీ ఒకప్పుడు జపాన్‌లో మగ్గాలు చేసేదని తెలిశాక, ఆ కారును తాత వదిలివెళ్లిన ఆస్తిలా చూసుకునేవాణ్ణి.

మొన్నటి తుపానుకు కూవం నది పొంగుతుందనగానే, అందరిలా నేనూ కారును మునగకుండా ఎత్తైన వంతెన మీద పెట్టడానికి బయల్దేరాను. "పది నిమిషాల్లో వస్తానమ్మా" అన్నాను. వంతెన మీద ఆపాక, కారు పైకప్పు మీద వాన తాత మగ్గంలా ఆడుతుంటే, చిన్నప్పుడు దాని పక్కన నిద్రపోయినట్టే నిద్రపోయాను.

రెండు గంటల తర్వాత నడుము లోతు నీళ్లలో ఇల్లు చేరాను. మెట్లెక్కలేని అమ్మ, నీళ్లు అంచు తాకుతున్న మంచం మీద ఒంటరిగా కూర్చుని ఉంది.

"వచ్చినావా. ఆడ కారు బాగుండాది గదా, నాయనా?" అంది.

ఆమెను వీపున మోసుకుని మేడెక్కాను.

ఇప్పుడు మబ్బు పడితే ముందు అమ్మను కార్లో కూర్చోబెట్టి, తర్వాతే దాన్ని తీస్తాను.