రెండో సాక్షి

మా పెద్దమ్మ తన వీలునామాను నా చేతనే రాయించింది. రేపల్లెలో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. నేను తెనాలిలో తెలుగు మాస్టారుగా పనిచేసేవాణ్ణి. నా దస్తూరి బాగుంటుందని ఆమెకు నమ్మకం. పైగా ఊళ్ళో ప్లీడరు దగ్గరికి వెళితే ఆదివారానికల్లా చర్చి మొత్తానికి తెలిసిపోతుందని భయం. అందుకని ఒక వేసవి ఉదయం నాకు ఫోను చేసి, "తెల్ల కాగితాలు తెచ్చుకో, మంచి పెన్ను తెచ్చుకో" అంది.

ఆమెను చూసుకోవడానికి ఒకామె ఉండేది. వంట, మందులు, స్నానం, మోకాళ్ళు పట్టేసిన రోజున ఎత్తి కూర్చోబెట్టడం, అన్నీ ఆమే. పద్నాలుగేళ్ళు చేసింది. నేను ఆమెను చెల్లెమ్మా అని పిలిచేవాణ్ణి. ఆమె భర్త నిజాంపట్నం రేవులో మరబోటు మీద పనికి వెళ్ళేవాడు. ఇద్దరూ పెద్దమ్మ పెరటి గదిలోనే ఉండేవారు.

"ఇల్లు దానికి రాయి. బ్యాంకులో ఉన్నది మా బడి హాస్టలు పిల్లలకి రాయి. ఇవన్నీ జరిపించాల్సింది నువ్వని కూడా రాయి. ఇంకేం వద్దు" అంది పెద్దమ్మ.

రాశాను. ఇద్దరు సాక్షులు ఉండాలని మాత్రం నాకు తెలుసు. పక్కింటి పోస్టుమాస్టరు గారు వచ్చి, పెద్దమ్మ సంతకం చేయడం చూసి, మొదటి సాక్షిగా సంతకం పెట్టారు. రెండోది పాస్టరు గారిది అనుకున్నాం. ఆయన ఎవరిదో భూస్థాపనకు వెళ్ళి మధ్యాహ్నం దాటినా రాలేదు. పెద్దమ్మకు అలసట వచ్చేసింది. అది చేపల వేట నిషేధం నెలలు. చెల్లెమ్మ భర్త ఇంటిపట్టునే ఉండి వసారాలో కుర్చీ కాలు బిగిస్తున్నాడు. చెల్లెమ్మ బజారుకు వెళ్ళింది.

"నీకు సంతకం వచ్చు కదా, ఇలా రా" అని నేనే పిలిచాను.

అతను చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని వచ్చాడు. "ఎక్కడండి?" అని అడిగాడు. అందులో ఏం రాసి ఉందో అడగలేదు. నేనూ చెప్పలేదు. పెద్దమ్మ "ఇది నా సంతకమే" అని చెప్పి, దాని కింద వేలు పెట్టి చూపించిన చోట తన పేరు మెల్లగా రాశాడు. ఆ కాగితాన్ని పెద్దమ్మ బైబిలు సంచిలో పెట్టుకుంది.

మరో రెండు వానాకాలాలు బతికింది. ఆమె పోయిన నెల రోజులకి నేను ఆ కాగితం తీసుకుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాను, ఇంటి పన్ను చెల్లెమ్మ పేరున మార్పించడానికి. అక్కడి గుమాస్తా కాపీ ఒకటి తీసుకుని, అసలు కాగితం వెనకా ముందూ చూసి, "రిజిస్టరు కాలేదు, పైగా ఇల్లు బయటివాళ్ళకి పోతోంది. మీరొకసారి లాయరుకి చూపించుకు రండి మాస్టారూ" అన్నాడు. నేను కోప్పడ్డాను కూడా.

తెనాలిలో జిరాక్సు షాపు మీద చిన్న ఆఫీసున్న లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి. కాగితాన్ని రెండుసార్లు చదివింది. రెండో సాక్షి ఎవరని అడిగింది. చెప్పాను.

"ఇల్లు వచ్చే ఆవిడ భర్తా?"

"అవునండి. ఆ టైముకి అతనే దొరికాడు."

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మాస్టారూ, వీలునామా చెల్లుతుంది. హాస్టలుకి రాసింది చెల్లుతుంది. ఇల్లు మాత్రం చెల్లదు. మన క్రైస్తవులకి వర్తించే చట్టంలో, సాక్షికి గానీ సాక్షి భార్యకి గానీ భర్తకి గానీ రాసింది పోతుంది. రిజిస్టరు చేయించినా ఇంతే."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. నా చొక్కా తడిసిపోయింది. "మరి ఇల్లు ఎవరికి పోతుంది?" అన్నాను.

"ఆవిడకి పిల్లల్లేరు. తోడబుట్టినవాళ్ళు?"

"మా అమ్మ, మా మేనమామ. ఇద్దరూ పోయారు. అమ్మకి నేనొక్కణ్ణే. మామయ్యకి ఒక కొడుకు, బాపట్లలో ఉంటాడు."

"అయితే సగం మీకు, సగం ఆయనకి." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "మీరు కావాలని చేశారని నేననడం లేదు. కానీ రాసింది మీరు, సాక్షిని పిలిచింది మీరు, లాభం మీకు. ఊళ్ళో ఏమనుకుంటారో తెలుసుగా."

అప్పుడు నేనన్న మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. "పోస్టుమాస్టరు గారు మంచివారండి. కాగితం మళ్ళీ తిరగరాసి, రెండో సంతకం ఇంకెవరిచేతైనా..." అన్నాను.

ఆమె కాగితాన్ని మడిచి నా వైపు తోసింది. "ఈ మాట నేను వినలేదు. మీరు చదువు చెప్పిన మనిషి. దీని కాపీ మునిసిపల్ ఆఫీసులో ఇచ్చారు కదా, ఇప్పుడు ఇంకోటి పుట్టిస్తే జైలు దాకా వెళుతుంది, ఆలోచించుకోండి. మీ బావగారిని అడగండి. ఆయన ఒప్పుకుని తన సగం ఆవిడకి రాసిస్తే ఏ గొడవా లేదు. మీ సగం మీరు రాసివ్వచ్చు."

చెల్లెమ్మకు చెప్పకుండా ముందు బాపట్ల వెళ్ళాను. బావ ఒప్పుకుంటే ఆమెకు తెలియాల్సిన అవసరమే ఉండదని ఆశ. బావ చెడ్డవాడు కాదు. భోజనం పెట్టించాడు, అంతా విన్నాడు. విన్నాక చేయి కడుక్కుని వచ్చి చెప్పాడు.

"నాన్న మంచాన పడ్డప్పుడు అత్తయ్యని ఒక్క నెల వచ్చి ఉండమన్నాం. బడి ఉందంది. పోయాక వచ్చింది. ఇప్పుడు తనని చూసుకున్నదానికి ఇల్లు రాసిందా? నాన్నని మా అమ్మ చూసుకున్నదానికి ఎవరేం రాశారు?"

"అది వేరు బావా. ఆమె కోరిక..."

"చట్టం నాకిస్తోంది. నేను అడిగానా? నీది నువ్విచ్చుకో, నేనొద్దనను. నాది అడగొద్దు."

ఇక రేపల్లె వెళ్ళక తప్పలేదు. చెల్లెమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. ఆమె భర్త ఆ ముందురోజే రేవు నుంచి వచ్చాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. లాయరమ్మ చెప్పినంత తేటగా చెప్పలేకపోయాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

చెల్లెమ్మ ముందు భర్త వైపు చూసింది. "నువ్వు సంతకం పెట్టావా? ఎప్పుడు?"

"బాబుగారు పిలిస్తే పెట్టాను. అందులో ఏముందో నాకేం తెలుసు?" అన్నాడతను. తర్వాత నన్ను అడిగాడు. "నాకు సంతకం రాదని చెప్పుంటే ఇల్లు మాకు వచ్చేదాండి?"

"తప్పు నీది కాదు. నాది" అన్నాను.

"నేను పెట్టానుగా" అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు అన్నం తినలేదని తర్వాత తెలిసింది. చెల్లెమ్మ ఏడవలేదు, నన్ను తిట్టలేదు. గింజలు తీయడం ఆపలేదు. తిట్టినా బాగుండేది.

పనులు మొదలయ్యాయి. హాస్టలుకు చేరాల్సింది ముందు చేర్చాను. ఆ తర్వాత బావా నేనూ ఇల్లు పంచుకున్నాం: వీధి వైపు రెండు గదులు, వసారా అతనికి, వంటిల్లు, పెరడు, పెరటి గది నాకు. నా భాగం చెల్లెమ్మ పేరున దాన పత్రం రాసి రిజిస్టరు చేయించాను. లాయరమ్మ ప్రతి కాగితం తనే చదివి, ఎక్కడ ఎవరు సంతకం చేయాలో దగ్గరుండి చూపించింది. బయటికి వచ్చాక, "రాసేముందు ఒక్క పావుగంట వచ్చి అడిగుంటే సరిపోయేది" అంది. తిట్టినట్టు కాదు, మామూలుగానే అంది.

రేపల్లె చర్చిలో ఒకరిద్దరు నన్ను చూసి మాటలు ఆపేసేవారు. మాస్టారు పెద్దమ్మ ఇంటిని తెలివిగా సగం చేసుకున్నాడని అనుకున్నారట. దాన పత్రం సంగతి చెప్పుకోవాలనిపించలేదు. చెప్పినా, తప్పు కప్పుకోవడానికి ఇచ్చాడంటారు. అందులో అబద్ధమూ లేదు.

బావ తన భాగాన్ని పక్క వీధి వ్యాపారికి అమ్మేశాడు. ఆయన గోడౌను కట్టుకోవడానికి ముందు గదులు పడగొట్టించాడు. నడిమి గోడ ఎండకీ వానకీ బయటపడింది. తుఫాను వానలకు ఆ గోడ చెమ్మ పీల్చి, వంటింట్లో పిండి డబ్బాల దాకా తడిసింది. కబురు తెలిసి తాపీమేస్త్రీని తీసుకుని వెళ్ళాను. చెల్లెమ్మ భర్త బోటు పని మానుకుని సిమెంటు కలిపి అందించాడు. రోజంతా నాతో రెండు మాటలకు మించి మాట్లాడలేదు.

సాయంత్రం చెల్లెమ్మ గ్లాసుతో టీ తెచ్చి ఇచ్చి, పచ్చిగా ఉన్న గోడ వైపు చూస్తూ నిలబడింది.

"ఇట్టా అవుద్దని అమ్మగారికి తెలిసుంటదా అన్నయ్యా? తెలిసే చేశారంటున్నారు కొందరు."

"లేదమ్మా. ఆమెకి తెలియదు. నాకూ తెలియదు" అన్నాను.

ఆమె తలూపింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు. చీకటి పడకముందే మేస్త్రీకి కూలి ఇచ్చి, తెనాలి రైలుకు బయలుదేరాను.