ఇంగ్లీషు సారు ఎత్తిన వేలు

ఆదిలాబాద్‌లో మాకు ఇంగ్లీషు నేర్పిన సారు ఒక్క వేలు ఎత్తితే వాదన ముగిసినట్టే. పత్తి జిన్నింగు మిల్లులో లెక్కలు రాసే నేను ఆయన సాయంత్రం తరగతికి వెళ్లేవాణ్ణి. నా పక్కన కుట్టుపని చేసే ఒకరు కూర్చునేవారు. హోటల్ ఉద్యోగానికి వాళ్లకు ఇంగ్లీషు అవసరం. వాళ్ల దగ్గర సారు ఫీజు కూడా తీసుకోలేదు.

ఒకనాడు వాళ్లు లేచి, "నేను మగ కాదు, ఆడ కాదు సార్. నన్ను 'హీ' అనకుండ్రి, 'దే' అనుండ్రి" అన్నారు.

సారు వేలెత్తారు. "ఉన్నది ఒక్కరు. 'దే' ఎట్లయితది?"

నేను ఉండబట్టలేక, "సారు వచ్చిండ్రు అంటే రెండు చాయ్‌లు తెప్పిస్తున్నమా?" అన్నాను.

"అది తెలుగు. ఇంగ్లీషు మా బాపుదా, నేను మార్చనీకి?"

తరగతంతా నవ్వింది. నా పక్కనున్నవారు నవ్వలేదు. మర్నాటి నుంచి రాలేదు.

సారు స్కూటర్ మీద వాళ్లింటికి వెళ్లి బతిమాలారు. ఆ కుర్చీలో ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు. ఇంత చేసిన మనిషికి ఒక్క మాట ఎందుకంత బరువైందో నా లెక్కకు అందలేదు.

"ఆ ఒక్క మాట అనుండ్రి సార్, రేపే వస్తరు" అన్నాను.

ఆయన కుర్చీ మీది దుమ్ము తుడిచి, దిగులుగా తలుపు వైపు చూశారు.

"హీ విల్ కమ్."