కొత్త అంగడికి పాత కార్డు

మదనపల్లెలో గానీ, పుంగనూరులో గానీ, కుప్పంలో గానీ కొత్త అంగడి తెరిచారంటే, రిబ్బను కత్తిరించేలోపల మునిరత్నమ్మ వచ్చి తిట్టిపోవలసిందే. ఆమెను ఎవరూ పిలవరు. పిలవకపోయినా వస్తుంది. వచ్చి, ఆ స్థలంలో అంతకు ముందు ఏ కట్టడం ఉండేదో దాని బొమ్మ ఉన్న పాత పోస్టుకార్డు సంచీలోంచి తీసి, పురోహితుడి మంత్రాలు వినబడనంత గట్టిగా కొత్త యజమానిని కడిగేస్తుంది. పదిహేనేళ్ళుగా ఒక్క ప్రారంభోత్సవం తప్పలేదు. ఒకసారి జ్వరంతో మఫ్లరు చుట్టుకుని వచ్చి సగం తిట్టేసరికి గొంతు పోయింది. మిగతా సగం మర్నాడు వచ్చి తిట్టింది.

పుంగనూరు పోస్టాఫీసులో ముప్పై నాలుగేళ్ళు ఉత్తరాల మీద ముద్రలు కొట్టి రిటైరైన మనిషి. ఆమె రిటైరైంది గానీ ఆ చెయ్యి రిటైరు కాలేదు. కార్డును బల్ల మీద పెట్టడం ఆమెకు రాదు, కొడుతుంది. ఆ కార్డులు ఒకప్పుడు మదనపల్లె స్టూడియో ఒకటి అచ్చువేసి అమ్మినవి. బజారు వీధులు, హోటళ్ళు, టాకీసులు, సోడా ఫ్యాక్టరీలు అన్నీ ఫోటోలు తీసేవాళ్ళు. హార్స్‌లీ హిల్స్ చూడ్డానికి వచ్చినవాళ్ళు కొనుక్కుని ఇళ్ళకు రాసేవాళ్ళు. స్టూడియో మూతపడిన రోజు మిగిలిన కార్డులన్నీ మునిరత్నమ్మ అట్టపెట్టెలతో సహా ఇంటికి మోసుకుపోయింది. అప్పటినుంచి మూడు ఊళ్ళకూ మనశ్శాంతి లేదు.

కుప్పంలో చేతన్ అనేవాడు రంగా సైకిల్ మార్టు పడగొట్టి సెల్‌ఫోన్ల అంగడి పెట్టాడు. మునిరత్నమ్మ అతని ముందు కార్డు కొట్టి, గాలి పంపు యాడ పెట్టినావని అడిగింది. ఇది సెల్‌ఫోన్ల అంగడమ్మా అన్నాడతను. సైకిల్ షాపులో సెల్‌ఫోన్లు అమ్మేదానికి సిగ్గులేదా అని అరగంట వాయించింది. అతను ఆ దెబ్బకు ఒక గాలి పంపు కొని గుమ్మం దగ్గర పెట్టుకున్నాడు. ఇప్పటికీ ఉంది, చూసుకోవచ్చు.

మదనపల్లెలో ప్రదీప్ బేకరీ పెడుతున్నానని చెప్పినప్పుడు అతని మామగారు వెంకటస్వామి మొదట ఎత్తింది ఓవెన్ మాట కాదు, మునిరత్నమ్మ మాట. ఆరేళ్ళ క్రితం పుంగనూరులో సోడా ఫ్యాక్టరీ కూల్చి ఆయన పెయింట్ల అంగడి తెరిచిన రోజు తిన్న తిట్లను ఈనాటికీ వరసగా అప్పజెప్పగలడు. నా పరువు ఎటూ పోయింది, నీదన్నా కాపాడుకోమని హెచ్చరించాడు. ప్రదీప్ పన్నెండేళ్ళు బెంగళూరులో ఎవరెవరి ఓవెన్ల ముందో చెమటలు కక్కి, ఇన్నాళ్ళకు సొంతంగా పెట్టుకుంటున్న అంగడి. మొదటి రోజే నలుగురి ముందు తల దించుకుంటే రెండో రోజు బన్ను కొనడానికి ఎవరొస్తారు? పైగా అతను బేకరీ కట్టింది కామాక్షి కాఫీ క్లబ్బును కూల్చి. దాని కార్డు ఆమె దగ్గర లేకుండా ఉంటుందా?

అందుకని ప్రదీప్ ఆహ్వాన పత్రికలు వేయించలేదు, దగ్గరివాళ్ళకు మాత్రం నోటిమాటగా చెప్పాడు. బోర్డు మీద గుడ్డ కప్పాడు. ఏం కడుతున్నావప్పా అని ఎవరడిగినా గోడౌను అన్నాడు. తొమ్మిదింటి ముహూర్తాన్ని, పురోహితుణ్ణి బతిమాలి, ఆరూ పదికి మార్పించాడు. బామ్మర్ది ప్రకాష్‌ను బస్టాండులో కాపలా పెట్టాడు. పుంగనూరు బస్సులోంచి ఆమె దిగిందో, ప్రారంభోత్సవం వాయిదా పడిందని చెప్పి, మర్యాదగా కాఫీ తాగించి, అదే బస్సు ఎక్కించాలి.

ఆరింటికి ప్రకాష్ ఫోను చేసి, మూడు బస్సులొచ్చాయి, ఆయమ్మ దేంట్లోనూ లేదని సంతోషంగా చెప్పాడు. ప్రదీప్ ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగాడు. షామియానా కింద, మొదటి వరసలో, మునిరత్నమ్మ కూర్చుని ఉంది. మార్కెట్టుకు టమోటాలు తెచ్చే వ్యానెక్కి తెల్లారకముందే దిగిందట. ఆ డ్రైవరు పాపం ఏ కట్టడమూ కూల్చలేదు. హారను ఎక్కువ కొడుతున్నాడని అతన్నీ దారిపొడవునా తిట్టిందట.

రిబ్బను దాకా వెళ్ళిన కత్తెర అక్కడే ఆగిపోయింది. మునిరత్నమ్మ లేచి, రిబ్బను కింద నుంచి వంగి లోపలికి దూరి, గాజు కౌంటరు మీద కార్డు కొట్టింది. హనీ కేకులు ఎగిరి కూర్చున్నాయి. ప్రదీప్ కత్తెరతోనే ఆమె వెనక దూరాడు, మిగతావాళ్ళూ దూరారు.

"ఇది ఏందో తెలుసునా?"

తెలియకేం? పెంకుల వసారా, చెక్క స్తంభాలు, పైన వంకర అక్షరాల బోర్డు. మునిరత్నమ్మ మొదలుపెట్టింది. ఆ స్తంభాలు ఏ సామిల్లుకు అమ్ముకున్నావంది. తొంభై ఏళ్ళ గోడను ఒక్క పూటలో జేసీబీతో తోసేదానికి చేతులెట్లా వచ్చినాయంది. ఈ అద్దాలు చూస్తే ఇది బేకరీనో సెలూనో తెలీడం లేదంది. వచ్చినవాళ్ళు నవ్వు ఆపుకోలేక కర్చీఫులు అడ్డం పెట్టుకుంటున్నారు. ప్రదీప్ భార్య భార్గవి హారతి పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది. ప్రదీప్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్దామె అని కూడా చూడలేదు.

"ఏం గావాలమ్మా నీకు? కూల్చేసినా, అయిపోయింది. మళ్ళా కట్టియ్యమంటావా?"

"కట్టొద్దు. నాకు గోడతో ఏం పని?"

మునిరత్నమ్మ వేలు కార్డు మీద పక్కకు జరిగింది. వసారా చివర, స్తంభం పక్కన, భుజాన తువ్వాలు, చేతిలో కాఫీ జగ్గుతో సన్నటి మనిషొకడు నిలబడి ఉన్నాడు. ఆ కార్డును అంతసేపూ చూస్తున్నా ప్రదీప్‌కు ఆ మనిషి కనబడలేదు.

"ఈయప్ప దొడ్డప్ప. నలభై ఏండ్లు ఈడ కాఫీ కలిపినాడు. గోడ కూల్చినావు, సరే. మనిషిని యాడ పెట్టినావు?"

క్లబ్బును కూల్చిన రోజు దొడ్డప్ప రోడ్డుకు అవతల సాయంత్రం దాకా నిలబడ్డాడు. చివరికి దగ్గరికొచ్చి, నేనేం చేసేదప్పా అని అడిగాడు. ప్రదీప్ ఫోన్లో మాట్లాడుతూనే, చూద్దాంలే అన్నాడు. ఎనిమిది నెలలైంది, చూడలేదు. ఆ ముసలాయన ఇప్పుడు కలికిరిలో ఒక కల్యాణమండపంలో అంట్లు కడుగుతున్నాడని, నీళ్ళలో నాని వేళ్ళు పాసిపోయాయని మునిరత్నమ్మ చెబుతుంటే ప్రదీప్‌కు తన మీద తనకే ఒళ్ళు మండింది.

కొంచెం ఆసరా కోసం మామగారి వైపు చూశాడు. వెంకటస్వామి ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. ఎంతసేపటికీ అల్లుడు చూపు తిప్పకపోయేసరికి గొంతు సవరించుకుని, తన అంగట్లో రంగులు కలిపే ముసలాయన పాత సోడా ఫ్యాక్టరీ మనిషేనని ఒప్పుకున్నాడు. కుప్పంలో చేతన్ దగ్గర ఫోన్లు విప్పి బాగుచేసేది ఆ సైకిల్ షాపు మెకానిక్కేనట.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం మామా?"

"తిట్లు తిన్నానంటే అయ్యో అంటారు నాయనా. ఆమె మాట విన్నానంటే నవ్వుతారు."

మూడు ఊళ్ళలో మగమహారాజుల సంగతి ఇదీ! తిట్లు తిన్న కథ ఊరంతా చెప్పుకున్నారు గానీ, తిట్ల తర్వాత చేసిన మంచిపని ఒక్కడూ నోరు తెరిచి చెప్పలేదు. వీళ్ళ పరువు కాపాడటానికి ఆమె గయ్యాళి అయింది.

దొడ్డప్పను పిలిపించమని ప్రదీప్ గొణిగాడు.

"పిలిపించేదేంది? నిన్ననే పోయి తోడుకోని వచ్చినా. బయట నిలబడుకోనుండాడు."

ముహూర్తానికి రెండు నిమిషాలుంది. ప్రదీప్ తనే బయటికి పోయి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. దొడ్డప్ప కొత్త కాఫీ మిషను చుట్టూ ఒకసారి తిరిగి, ఇది వద్దప్పా, స్టవ్వు ఉండాదా అని అడిగాడు. మొదటి గ్లాసు మునిరత్నమ్మకే ఇచ్చారు. చక్కెర ఎక్కువైందని తిట్టింది.

రెండు నెలలకు కుప్పం నుంచి ధనుంజయ అనే ఆయన ఫోను చేశాడు. పాత ప్రింటింగ్ ప్రెస్సు పడగొట్టి చెప్పుల షాపు కట్టాడట. ఆ మునిరత్నమ్మను ఎట్లా ఆపాలో చెప్పమన్నాడు. బేకరీ ముందు దొడ్డప్ప కాఫీకి జనం ఎగబడుతున్నారు, ప్రదీప్‌కు ఊపిరాడటం లేదు. కోపమొచ్చేసింది.

"ఆయమ్మను ఆపేదేందప్పా? ఆ ప్రెస్సులో అక్షరాలు పేర్చినాయన యాడుండాడో కనుక్కో పో."

ధనుంజయ కనుక్కున్నాడు. ప్రారంభోత్సవం నాడు మునిరత్నమ్మ కార్డు తీసుకుని విసవిసా వచ్చేసరికి, ప్రెస్సులో పనిచేసిన ఆ పెద్దాయన కౌంటరు వెనక కొత్త చొక్కా వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె కార్డు వంక చూసింది, ఆయన వంక చూసింది. పదినిమిషాలు షాపంతా తిరిగింది. తిట్టడానికి ఏమీ దొరక్క ముఖం కందగడ్డ చేసుకుని బయటికి నడిచి, గుమ్మం దిగబోతూ ఆగింది.

"ఇంత ఎత్తు కట్టినావే, ఆ ముసలాయప్ప రోజూ ఎట్లెక్కుతాడు?"

అరగంట తిట్టింది. సాయంత్రానికి ధనుంజయ మెట్టు కట్టించాడు.