సెన్సార్ మేడమ్‌కి చూపించకుండా పంపిన మెయిలు

ఆ రోజుల్లో అంటే ఎడ్లబండ్ల కాలమేమీ కాదు. మాదాపూర్‌కి మెట్రో వచ్చేసింది, కొత్తగూడలో ఫ్లైఓవర్ మీద కూడా బళ్లు ఆగిపోవడం మొదలైంది, నాకు ఉద్యోగం వచ్చి అయిదు నెలలు దాటింది. కొత్త ఉద్యోగస్తుడి గర్వం ఇంతా అంతా కాదు కదా. నాది మరీ ఇంగ్లీషు గర్వం. కాకినాడ కాలేజీలో వక్తృత్వపు పోటీల్లో రెండుసార్లు స్టీలు డబ్బాలు గెలిచినవాణ్ణి (రెండోదానికి మూత కూడా ఇచ్చారు). అలాంటి నన్ను పట్టుకుని, ఆరు నెలలు నిండేదాకా క్లయింటుకి ఒక్క మెయిలు కూడా సొంతంగా పంపకూడదన్నారు. రాసింది మేనేజరుకి చూపించాలి, ఆవిడ దిద్దాలి, "పంపు" అనాలి. ఈ నియమం తప్పితే ఆరో నెలాఖరున ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పడదు.

మా మేనేజరు వరంగల్ వైపు ఆవిడ. ఆఫీసులో ఎవరినైనా పేరు పెట్టే పిలవాలని చేరిన రోజే చెప్పారు గానీ నాకు నోరు రాలేదు. "మేడమ్" అని, చాలదేమోనని "అండి" కూడా తగిలించేవాణ్ణి. చాటున మాత్రం అందరం సెన్సార్ మేడమ్ అనుకునేవాళ్లం. నేను రాసిన మొదటి మెయిలు ఇరవై రెండు వాక్యాలు. క్షేమ సమాచారాలు, వాతావరణం, కృతజ్ఞతలు అన్నీ అయ్యాక పద్దెనిమిదో వాక్యంలో అసలు సంగతి. ఆవిడ చదివి, కళ్లజోడు తీసి, "ఆయన మంచిగున్నడో లేడో నీకెందుకయ్యా? ఫైల్ అందిందా అని అడుగు" అన్నారు. చివర్లో "త్వరలో పంపుతాము" అని రాసుకున్నాను. "త్వరలో అంటే ఎప్పుడు? క్యాబ్ డ్రైవర్ రెండు నిమిషాలల్ల వస్తున్న అన్నట్టుంది. టైం చెప్పు" అన్నారు. ఇరవై రెండు వాక్యాలూ మూడయ్యాయి. రోషంతో సీటుకి వచ్చి ఆ మూడూ చదువుకున్నాను. నేను చెప్పాలనుకున్నదంతా అందులో ఉంది. నేను రాసినదాంట్లోనే అది లేదు. ఆ క్షణాన ఆవిడంటే నాకు పుట్టిన భక్తి ఇప్పటికీ తగ్గలేదు.

మా క్లయింటు ఇంగ్లండులో ఒక బూట్ల దుకాణాల కంపెనీ. వాళ్ల వెబ్‌సైటు పని మాది. రెండు నెలలుగా అటునుంచి నాకు జవాబులు రాసే ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు, గొంతు వినలేదు. ఆ మెయిళ్లలో ఒక్క మాట ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. తెల్లజుట్టుతో, టైతో అరవై ఏళ్ల పెద్దమనిషి కళ్లముందు కనబడేవాడు. ఏది అడిగినా సరిగ్గా ఒక రోజు తరవాతే జవాబిచ్చేవాడు. మేడమ్ ఆ మెయిళ్లని జాతకాలు చూసినట్టు చూసేవారు. "ఇయ్యాల కోపంగున్నడు. 'డియర్' తీసేసిండు, సూడు" అనేవారు. మర్నాడు ఫిర్యాదు వచ్చేది. "గీ వాక్యం రాసి కొట్టేసి మళ్ల రాసిండు" అనేవారు. కొట్టేసిన వాక్యం ఈవిడకెలా కనబడిందో నాకు అంతుపట్టేది కాదు. మేడమ్ దిద్దిన మెయిలూ, ఆయన జవాబూ పక్కపక్కన పెట్టుకుని, ఇద్దరు విద్వాంసుల కచేరీ విన్నట్టు చదువుకునేవాణ్ణి (కచేరీలో ఒకవైపు పేరు నాదే కావడం కొంచెం సిగ్గుగా ఉండేది).

ఆరో నెలలో, ఇంకో పది రోజులైతే కాగితం చేతికొస్తుందనగా, నేనొక ఘనకార్యం చేశాను. కొత్త సైజుల జాబితా ఎక్కించమంటే, మగవాళ్ల బూట్ల దగ్గర పిల్లల జాబితా ఎక్కించాను. అక్కడ తొమ్మిదో నంబరు పెద్దవాళ్లలోనూ ఉంటుంది, పిల్లల్లోనూ ఉంటుంది. అంటే ఆ పూట బూట్లు కొన్న ప్రతి పెద్దమనిషికీ నాలుగేళ్ల పిల్లాడి బూట్లు వెళతాయి. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక చూసుకున్నాను. అక్కడ అప్పుడే తెల్లవారి జనం కొనడం మొదలుపెట్టారు. సరిచేయడానికి పది నిమిషాలు చాలు, కానీ క్లయింటు ఊ అననిదే వెబ్‌సైటు ముట్టుకోకూడదు. ఊ అనాలంటే మెయిలు పెట్టాలి. మెయిలు పెట్టాలంటే మేడమ్ చూడాలి. మేడమేమో అత్తగారి కంటి ఆపరేషనని దవాఖానలో ఉన్నారు, ఫోను ఆపేసి ఉంది.

పక్క సీటులో నాకన్నా రెండేళ్ల ముందు చేరిన అన్న ఉండేవాడు. "వద్దు తమ్మీ, మేడమ్ వచ్చేదాక ఆగు. చూపియ్యకుండ పంపితే ఇగ నీ పని ఖతమ్" అన్నాడు. నిజమే. ఆగితే నా ఉద్యోగం ఉంటుంది, ఎవరి కాళ్లకో బూట్లు పట్టవు, అంతే. కానీ గంటగంటకీ ఆర్డర్ల లెక్క పెరుగుతుంటే చూస్తూ కూర్చోలేకపోయాను. చివరికి రాశాను. "తప్పు నాది. పిల్లల జాబితా ఎక్కించాను. క్షమించండి. మీరు సరేనంటే పది నిమిషాల్లో సరిచేస్తాను. క్షమించండి." వక్తృత్వమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. కళ్లు మూసుకుని పంపేశాను.

నాలుగు నిమిషాల్లో జవాబొచ్చింది. నాలుగంటే నాలుగు. "సరే, దయచేసి వెంటనే చేయండి. ఆ జాబితా సరిచూడాల్సింది నేనే, చూడలేదు. నాకిది మూడో నెల. నా మెయిళ్లన్నీ మా పెద్దావిడ దిద్దుతారు, ఆవిడ సెలవులో ఉన్నారు. ఆవిడ చూడకుండా నేను పంపుతున్న మొదటి మెయిలు ఇదే." నా తెల్లజుట్టు పెద్దమనిషి అలా అయిదు వాక్యాల్లో నాకన్నా చిన్నవాడైపోయాడు. పది నిమిషాల్లో పని పూర్తిచేసి, ఎప్పుడూ చూడని ఆ కుర్రాడి మీద ప్రేమ పొంగి ఆ జవాబు ఇంకోసారి చదువుకున్నాను.

మర్నాడు పొద్దున మేడమ్ రెండు మెయిళ్లూ చదివారు. నేను పక్కన నిలబడ్డాను. హాస్టలు ఎప్పుడు ఖాళీ చేయాలో మనసులో లెక్క కూడా వేసుకున్నాను.

"నన్ను అడగకుండ పంపినవ్."

"అవునండి."

"నేనైతే ఒకటి తీసేస్తుంటి. 'క్షమించండి' రెండుసార్లు రాసినవ్, ఒకసారి చాలు." మళ్లీ తెర వైపు తిరిగి, "ఫికర్ చెయ్యకు, నీ కాయితం మీద సంతకం పెట్టేస్త. ఇగ నుంచి నువ్వే పంపుకో" అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ అది చూడలేదు. ఆ కుర్రాడి జవాబే మళ్లీ మళ్లీ చదువుతున్నారు.

"అటుదిక్కు ఏడేండ్లల్ల నలుగురు పోరగాళ్లు మారిండ్రు. రాత మారలే. వెనక ఒక మనిషున్నడని నాకెరుకే," అన్నారు నెమ్మదిగా. "ఆయన, ఆయన అనుకున్న. ఆమెనా?"

ఆవిడ అలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఏడేళ్లుగా ఆ ఇద్దరూ మా కుర్రాళ్ల పేర్లతో ఒకరికొకరు రాసుకుంటున్నారన్నమాట. ఒకరి పేరొకరికి తెలియదు.

మధ్యాహ్నం నన్ను పిలిచారు. తెర మీద ఆ కుర్రాడి ద్వారా వాళ్ల పెద్దావిడకి రాసిన మెయిలు, కింద మొదటిసారి మేడమ్ సొంత పేరు. "జర చూడు, మంచిగుందా?" అన్నారు. సెన్సార్ మేడమ్ నన్నడుగుతున్నారు. మూడే వాక్యాలు. "ఏడేళ్లుగా ఇటునుంచి మీకు రాస్తున్నది నేను. అటు ఉన్నది మీరని ఇవాళే తెలిసింది. మీ మెయిలు రాని రోజు ఆఫీసు బోసిగా ఉంటుంది."

మూడో వాక్యం పనికి సంబంధించింది కాదు. ఆవిడ నేర్పిన పాఠం ప్రకారం కొట్టేయాల్సిందే. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది గానీ, చెప్పే ధైర్యం లేక "బాగుందండి" అన్నాను. ఆవిడ పంపేశారు. జవాబు కొన్ని రోజులకు వచ్చింది. అందులో ఏముందో ఎవరికీ చూపించలేదు. ఆ సాయంత్రం మాత్రం మిగతా కుర్రాళ్ల మెయిళ్లన్నీ చదవకుండానే "పంపు" అన్నారు.

ఇప్పుడు నేనూ నార్సింగిలో ఒక ఆఫీసులో కొత్త పిల్లల మెయిళ్లు దిద్దుతున్నాను. నిర్దాక్షిణ్యంగా కొట్టేస్తాననే పేరు కూడా వచ్చింది. ఇన్నేళ్లలో ఎన్ని వాక్యాలు తీసేశానో ఒక్కటీ గుర్తులేదు. భయపడి తీయమని చెప్పలేకపోయిన ఆ ఒక్క వాక్యమే గుర్తుంది. ఆ పిరికివాణ్ణి తలుచుకుని అప్పుడప్పుడు నవ్వుకుంటాను. వాడికి ఆ రోజు కొంచెం ధైర్యం ఉండి ఉంటే ఎంత పాడు చేసేవాడో.