టువాలు పెళ్ళికొడుకుకి ఎగ్జిట్ కాగితం

సౌదీలోని దమ్మామ్ రేవులో ఒక షిప్పింగ్ ఏజెన్సీకి బోర్డింగ్ ఆఫీసరుగా నేను పనిచేసిన చివరి శీతాకాలం అది. ఓడ రాగానే మొదట ఎక్కి కాగితాలు పుచ్చుకునేవాడు బోర్డింగ్ ఆఫీసర్. కాంట్రాక్టు ముగిసిన నావికుణ్ణి దింపి ఇంటికి పంపడం కూడా మా పనే. దీన్ని సైన్-ఆఫ్ అంటాం. అతను విమానం ఎక్కేదాకా జవాబుదారీ మాదే.

ఆ ఉదయం ఒక కంటైనర్ ఓడ నుంచి దిగవలసినవాడు ఒక్కడే. పేరు తవిటా, వయసు యాభై ఒకటి. ఓడలో బోసన్, అంటే డెక్కు పనివాళ్ళకు పెద్ద. పసిఫిక్‌లోని టువాలు అతని దేశం. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ పాస్‌పోర్టు పట్టుకోవడం నాకదే మొదలు.

కారెక్కగానే, పెళ్ళికి వెళుతున్నానన్నాడు. ఎవరి పెళ్ళని అడిగితే, సిగ్గుపడుతూ తనదేనన్నాడు. పెళ్ళికూతురు వాళ్ళ దీవిలో బడి పంతులమ్మ. రాజధాని ఫునాఫుతి దాకా విమానముంది గాని, అక్కణ్ణుంచి అతని దీవికి రెండు మూడు వారాలకొక ఓడే గతి. అది తప్పిపోయి పెళ్ళి ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది.

మా డ్రైవర్ ఖాజా కడపవాడు. సంగతి విని, "మూడోతూరి గూడా తప్పితే ఆయమ్మ ఇంకొకర్ని చూసుకుంటాది సార్," అన్నాడు.

రేవు గేటు దగ్గర జవాజాత్, అంటే ఇమ్మిగ్రేషన్ కౌంటరు. అక్కడి ఆఫీసర్ ఎగ్జిట్ కాగితాన్నీ పాస్‌పోర్టునీ పక్కపక్కన పెట్టి చూసి, కాగితం నావైపు తిప్పాడు. దేశం అన్నచోట టోంగా అని ఉంది. అరబిక్ జాబితాలో రెండు పేర్లూ దగ్గరదగ్గరే. ముందురోజు నింపింది నేనే, తప్పు నాదే. విమానానికి నాలుగు గంటలుంది. సవరణకు ఏజెన్సీ లెటరు, దానిమీద మా మేనేజర్ సంతకం కావాలి. ఆ పైన ఆఫీసర్ ఒప్పుకోవాలి.

"నేను లెటరు తెస్తా. అంతవరకు ఆయప్పను మాటల్లో పెట్టండి సార్," అని ఖాజా బయల్దేరాడు.

ఆఫీసర్‌ది దగ్గర్లోని హుఫూఫ్ పట్టణం. అలాంటి దేశం నిజంగా ఉందా అని అడిగాడు. తవిటా ఇంగ్లీషులో చెబుతుంటే నాకొచ్చిన అరబిక్‌లోకి మార్చాను. మొత్తం తొమ్మిది దీవులు. కొన్నిచోట్ల నేల ఎంత సన్నమంటే, మధ్యలో నిలబడితే రెండువైపులా సముద్రం కనిపిస్తుంది. జనం పదివేల చిల్లర. పార్లమెంటులో పదహారుమంది, పార్టీలు లేవు. గెలిచినవాళ్ళే కూర్చుని ప్రధానిని ఎన్నుకుంటారు. రాజు మాత్రం బ్రిటన్ రాజే, లండన్‌లో ఉంటాడు. ట్యూనా చేపలు పట్టే విదేశీ పడవలు కట్టే లైసెన్సు రుసుము, తమ దేశానికి కేటాయించిన టీవీ అనే అక్షరాలతో ముగిసే ఇంటర్నెట్ పేర్ల మీద రాబడి, తనలాంటి నావికులు ఇంటికి పంపే జీతాలు, వీటితోనే దేశం నడుస్తుంది. విమానం రాని వేళ రన్‌వే మీద వాలీబాల్ ఆడతారు. సైరన్ మోగితే తప్పుకుంటారు.

ఆఫీసర్ నవ్వేశాడు. హుఫూఫ్‌లో ఒక్క సంతరోజు అంతకన్నా ఎక్కువ జనం ఉంటారన్నాడు. మరి పెళ్ళిలో ఏం చేస్తారని అడిగాడు.

తవిటా బల్లమీదున్న ఖాళీ ఖర్జూరాల చెక్కపెట్టెను దగ్గరకు లాక్కుని అరచేతులతో వాయించడం మొదలుపెట్టాడు. వాళ్ళ ఫాటేలే నాట్యానికి చెక్కపెట్టే వాద్యమట. నెమ్మదిగా మొదలైన పాట, చరణం తిరిగినకొద్దీ వేగం అందుకుంది. పక్క కౌంటరువాళ్ళు పని ఆపి చప్పట్లు కలిపారు. వరసలో ఉన్న ఫిలిప్పీన్స్ నావికులు భుజాలూపారు. కాగితం సంగతి నేనే కాసేపు మరిచిపోయాను.

ఖాజా లెటరుతో గుమ్మంలో ఆగిపోయాడు. "ఏంది సార్, పెండ్లి ఈడనే చేసేస్తాండారా?"

ఆఫీసర్ లెటరు చదివి, దేశం పేరు సరిచేసి ముద్ర వేశాడు. తవిటా చెయ్యి పట్టుకుని మబ్రూక్ చెప్పాడు. శుభాకాంక్షలకు అక్కడ అదే మాట. చెకిన్ మూసే పది నిమిషాల ముందు విమానాశ్రయం చేరాం. మూడు వారాలకు నా ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. పూలకిరీటాలు పెట్టుకున్న దంపతులు, చుట్టూ సగం దీవి.

ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాను. దిగబోయే నావికుడికి ముందే ఫోను చేసి, అతని దేశం పేరు అతని నోటే విన్నాక ఫారం నింపేవాణ్ణి. ఆ విషయం అతనికంటే బాగా తెలిసినవాడు రేవులో ఉండడు.