మా వదిన వంచిన కప్పు

ఆదివారం పొద్దున సిరిసిల్ల నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. "తమ్మీ, మీ వదినె పోయిందిరా," అన్నాడు. చాయ్ పెట్టుకొస్తానని వంటింట్లోకి వెళ్ళి అక్కడే కూలిపోయిందట. గుండెపోటు. ఆదిలాబాద్ నుంచి నేనూ నా బిడ్డా బయలుదేరి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వాకిట్లో చెప్పులు విడవడానికి చోటు లేదు. సాంచెలు నడిపేవాళ్ళు (మా ఊళ్ళో పవర్‌లూమ్‌ను సాంచె అంటారు), నూలు కండెలు చుట్టే ఆడవాళ్ళు, ఆమె దగ్గర పాఠాలు విన్న ఇంజినీర్లు. ముసలి మేస్త్రీ ఒకాయన గోడకు తల ఆనించి ఏడుస్తున్నాడు. వదిన కాళ్ళకు దండం పెట్టి లేస్తుంటే నాలో కదిలిన మొదటి మాట ఇది: నేను పోతే ఎవరు ఇట్లా ఏడుస్తారు?

ఆమె మీద నాకు అసూయ. మనిషి పోయింది కదా అని అది ఎక్కడికీ పోలేదు. దాన్ని పక్కన పెట్టి ఆమెను గురించి రాయడం నా వల్ల కాదు.

వదిన కావడానికి ముందు ఆమె నా క్లాస్‌మేటు. వరంగల్‌లో మా ఇంజినీరింగ్ తరగతిలో ఉన్నది ఒక్క ఆడపిల్లే. ఆమె మొదటి ర్యాంకు, నేను రెండో ర్యాంకు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడితే అందరం ఇళ్ళకు వచ్చేశాం. ఆ ఏడాది నేను క్యారమ్స్ బాగా నేర్చుకున్నాను. ఆమె జగిత్యాలలో వాళ్ళింట్లో కూర్చుని, మాకింకా పాఠం కూడా మొదలుకాని షెల్ కప్పుల (గుడ్డు పెంకులా పలుచగా వంగిన కాంక్రీటు కప్పుల) లెక్కలు సొంతంగా చేసుకుని వచ్చింది. కాలేజీ తెరిచాక మా ప్రొఫెసర్ ఆ కాగితాలు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. నా కాగితాలను ఎవరూ అట్లా చూడలేదు.

చదువు అయిపోయాక ఇద్దరికీ దారులు వేరవుతాయి, ఈ పోటీ తీరిపోతుంది అనుకున్నాను. మా బాపు నేత సంఘానికి అధ్యక్షుడు. "మనోళ్ళల్ల ఇంజినీరు సదివిన పిల్ల ఉన్నదట," అని వెతికి వెతికి ఆమెనే మా అన్నయ్యకు తెచ్చాడు. అన్నయ్య హైస్కూల్లో తెలుగు పంతులు. పెళ్ళయిన మర్నాడు, నిన్నటిదాకా నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి, ఇంటినిండా చుట్టాలుండగా, "తమ్మీ, జర చెంబు ఇటియ్యి," అంది. నవ్వు ఆపుకుంటూ అంది. నేను చెంబు ఇచ్చాను.

డెబ్బైల మధ్యలో నేత సంఘం సాంచెల కోసం పెద్ద షెడ్డు కట్టాలనుకుంది. బాపు మా ఇద్దరినీ నక్షలు గీయమన్నాడు. చిన్నప్పటి నుంచి గుంట మగ్గం మీద, బెత్తెడు కిటికీ వెలుగులో నేసి నేసి ఆయన కళ్ళు మసకబారాయి. ఆ షెడ్డు ఆయనకు ఉత్త కట్టడం కాదు.

నేను పిల్లర్లు, దూలాలు, వాటి మీద చదును స్లాబు గీశాను. బాపు నా నక్షను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గిన్ని గుంజలేందిరా? సాంచెలు యాడ వెట్టాలె?"

"పిల్లర్లు లేకుంటే కప్పు నిలువది బాపూ."

వదిన తన నక్ష విప్పలేదు. వంటింట్లోంచి చాట తెచ్చింది. "మామా, గిది ఎంత పలుచగున్నది! అయినా ఇన్ని బియ్యం ఎట్ల మోస్తుంది? వంచి, అంచు కట్టిండ్రు కావట్టి. మనం కప్పును గట్లనే వంచుదం. పలుచగుంటది, నడిమిట్ల గుంజ ఉండది." తర్వాత నక్ష పరిచింది. ఉత్తరం వైపు నిలువుగా అద్దాలు. ఆ అద్దాల నెత్తి నుంచి దక్షిణానికి వంగి దిగే పలుచటి కాంక్రీటు కప్పు. పక్కపక్కనే అలాంటివి వరుసగా. రెండు కప్పులు కలిసేచోట వాననీళ్ళ కాలువ. ఆ కాలువే దూలం కూడా. "ఎండ లోపలికి రాదు మామా, ఎలుగొస్తది. తెగిన పోగు కానొస్తది."

బాపు ఆమె నక్షను మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాది చాట కింద ఉండిపోయింది.

సర్కారు కొలువులో నేనప్పుడు దగ్గరలోనే ఉండేవాణ్ణి. వదిన కరీంనగర్‌లో పాఠాలు చెప్పి సాయంత్రం బస్సులో వచ్చేది. కాబట్టి ఆమె కప్పును నిలబెట్టే పని నా మీద పడింది. చెక్కతో ఆ వంపు తేవడానికి వడ్రంగులు నన్ను తిట్టారు, నేను మనసులో ఆమెను తిట్టాను. కాంక్రీటు గట్టిపడి కింద ఆసరాగా నిలిపిన పోట్లు తీసే రోజున పగులు వస్తుందేమోనని నేను కళ్ళార్పకుండా చూశాను. రావాలని కోరుకున్నానో, వద్దనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆమె చెప్పినట్టే నడుమ నుంచి మొదలుపెట్టి చివరలకు ఒక్కొక్క పోటు తీశారు. పగులు లేదు. బాపు కింద నిలబడి, ఒక పోగు రెండు చేతులతో పట్టుకుని కళ్ళముందుకు ఎత్తి, "పోగు కానొస్తుందిరా!" అని అరిచాడు. అరిచింది నాతో. మెచ్చుకున్నది ఆమెను.

ఆమె ఎవరింటికి వెళ్ళినా ముందు కప్పు చూసేది, తర్వాత మనుషులను పలకరించేది. అన్నం తింటూ తడివేలితో పళ్ళెం అంచు మీద గీతలు గీసేది. "బరువు ఓ కాడికి పోవాలె తమ్మీ. నువ్వు తొవ్వ జూపెట్టకుంటే అదే ఎతుక్కుంటది," అనేది. ఆ మాట నాకెందుకు తట్టలేదని ఒక రాత్రంతా ఉడికిపోయాను.

షెడ్డు నడవడం మొదలైన తర్వాతి వానాకాలంలో, ముసురు పట్టి వదలని రోజుల్లో, కాలువ దూలం ఒకటి కిందికి వంగింది. గోరు దూరేంత పగులు. నేను చూసి వదినను పిలిచాను. ఆమె వచ్చి తలెత్తి చూసింది. "సాంచెలు బందువెట్టుండ్రి. అందరు బయటికి పోండ్రి," అంది. బాపు ఏదో అనబోయాడు. "మామా, కప్పు మల్ల కట్టుకుంటం. నడువు."

పైకెక్కి చూస్తే కాలువ నిండా దూది నుసి పేరుకుని, నీళ్ళు చెరువులా నిలిచాయి. నుసి తీయించి, దూలం కింద పోట్లు పెట్టించాం. వానలో తడుస్తూనే ఆమె నన్ను అడిగింది: "ఏం జేద్దం తమ్మీ?"

ఆమె నన్ను అడగడం అదే మొదటిసారి. నా గొంతులో ఎంత సంతోషమో! "కాలువ దూలాల నడిమిట్ల ఒక్కొక్క పిల్లరు లేపుదం," అన్నాను.

ఆమె కాలువ పొడవునా ఒకసారి చూసింది. "ఔ. అదే మంచిగుంటది. కని పిల్లరు నెత్తిమీద దూలం పైమొకాన పగులుతది. ఆడ పైన కడ్డీలెయ్యాలె."

నిజమే. తొందరలో అది నాకు తట్టలేదు.

పిల్లర్లు లేచాక సంఘం కూర్చుంది. వదిన లేచి నిలబడింది. "తప్పు నాది. నీళ్ళు పారుతయని లెక్కేసిన, నిలుస్తయని ఎయ్యలే. సాంచెల కాడ నుసి లేస్తదని సాలోళ్ళింట్ల పుట్టిన నాకే యాదికి లేకపాయె. కప్పును నిలవెట్టింది మా తమ్మి. ఉపాయం ఆయనదే."

నేను తలెత్తి కూర్చున్నాను. ఎవరూ నావైపు చూడలేదు. "గిట్ల తప్పొప్పుకున్న ఇంజినీరును నేను సూడలేదవ్వా," అన్నాడు ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ. ఇంటికి నడిచి వస్తుంటే బాపు నా భుజం మీద చెయ్యేశాడు. ఇక నా మాట వస్తుందనుకున్నాను. "ఆమెది ఎంత పెద్ద మనసురా! పేరు నీకిచ్చింది సూడు," అన్నాడు.

నేను ఒప్పులు చేసి తెచ్చుకోలేని పేరు ఆమె తప్పు చేసి తెచ్చుకుంది. అంతకంటే మనిషిని ఎలా ఓడించగలరు?

ఆ తర్వాత నేను ఆదిలాబాద్ జిల్లాకు బదిలీ అయ్యాను. స్కూళ్ళు, దవాఖానాలు, గోదాములు కట్టాను. ప్రతి నక్ష మీదా సంతకం పెట్టేముందు వదిన దాన్ని చూస్తున్నట్టు ఊహించుకునేవాణ్ణి. నీళ్ళు నిలిస్తే? పైన కడ్డీ ఉందా? బరువుకు తొవ్వ ఉందా? ఆమెకు వేలెత్తి చూపే సందు ఇవ్వకూడదనే పంతంతో లెక్క మళ్ళీ మళ్ళీ చూసుకునేవాణ్ణి. నేను కట్టినవన్నీ ఈనాటికీ నిలబడే ఉన్నాయి. వాటి కింద కూర్చుని చదువుకునే పిల్లలు ఆమెకు కొంత బాకీ, వాళ్ళకు తెలియదు. ఆమె ఉండగా నేనూ చెప్పలేదు.

ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు నేను కట్టిన దవాఖానా చూపించాను. అలవాటు ప్రకారం ముందు కప్పు చూసింది. "మంచిగున్నది తమ్మీ," అంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "జర భయపడి కట్టినవ్, గంతే," అని నవ్వింది.

నా బిడ్డ ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతోంది. కర్మకాండ అయ్యాక అన్నయ్య వదిన పెట్టె తెరిచి, "నీకేం గావాలె బిడ్డా, తీసుకో," అన్నాడు. చీరలున్నాయి, వెండి కుంకుమ భరిణె ఉంది. నా బిడ్డ స్లైడ్ రూల్ తీసుకుంది. కాలిక్యులేటర్లు రాకముందు మేం లెక్కలు చేసిన జారుడు కొలబద్ద. అలాంటిదే నాదీ మా ఇంట్లో అలమారాలో ఉంది. బిడ్డ ఏనాడూ దాన్ని ముట్టుకోలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు ధర్మపురి దాటాక, "అదెట్ల వాడాలో నేను నేర్పిస్త," అన్నాను.

"పెద్దమ్మ నేర్పింది బాపూ," అంది, తల ఎత్తకుండానే.

కిటికీ పక్క సీటు దానిది. కుదుపులకు కదిలిపోకుండా ఆ పసుపుపచ్చబడిన బద్దను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఒక కన్ను మూసి, నడిమి పుల్లను వెంట్రుకవాసి జరిపింది. పెదాలు కదిలాయి. మళ్ళీ జరిపింది. బయట పత్తిచేల మీద సాయంత్రమవుతోంది.