స్ట్రుఫోలి పాకానికి నా సంతకం

2013 అక్టోబరులో నన్ను అబుదాబి పక్కన ముసఫ్ఫాలో, ఐకాడ్ అనే పారిశ్రామిక వాడలోని ఒక ఫాబ్రికేషన్ యార్డుకు సీనియర్ క్యూసీ ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఇతరులు చేసిన వెల్డింగులో తప్పులు వెతకడం నా ఉద్యోగం. దానికి జీతం కూడా ఇచ్చేవారు. యార్డులో ‘హోల్డ్ పాయింట్’ అని ఒకటుంటుంది. అక్కడ ఇన్‌స్పెక్టరు చూసి సంతకం పెట్టేదాకా పని అంగుళం కదలకూడదు. నా పెన్ను జేబులో ఉన్నంతసేపూ నాలుగు వందల మంది మనుషులు, రెండు క్రేన్లు, సగం ఎడారి ఊపిరి బిగబట్టేవని నా నమ్మకం.

మా ముదీర్, అంటే మేనేజరు, ఇటలీలోని నేపుల్స్ వాడు. ఆయనింట్లో వంట చేసే సత్యవతిది అమలాపురం దగ్గర పల్లె. ఆ పని చూపించింది మా ఆవిడే. మరుసటి ఏడు క్రిస్మస్‌కి ముదీర్ తల్లి వస్తున్నారనీ, ఆవిడకు స్ట్రుఫోలి లేనిదే పండగ కాదనీ, అది సత్యవతే చెయ్యాలనీ కబురొచ్చింది. పిండి గోళీలు వేయించి, తేనెలో కలిపి, చక్రంలా పేర్చే మిఠాయి అది. జనవరిలో సత్యవతి వీసా గడువు తీరుతుంది. “మా అత్తగారు వచ్చి వెళ్ళనీ, చూద్దాం,” అందట ముదీర్ భార్య. ఊళ్ళో సత్యవతి ఇల్లు గోడల వరకూ లేచి, స్లాబు లేక ఆకాశం చూస్తోంది.

ఒక శుక్రవారం ముదీర్ రాసిచ్చిన కాగితం పట్టుకుని సత్యవతి రిహార్సలుకు మా ఫ్లాటుకు వచ్చింది. కాగితం ఇంగ్లీషులో ఉంది కాబట్టి చదివే అధికారం నాకు దక్కింది. మైదా, గుడ్లు, వెన్న, చక్కెర, నిమ్మతొక్క తురుము. తాళ్ళలా పేని శనగగింజంత ముక్కలు కోసి వేయించాలి. అక్కడిదాకా చదివాను. తేనె మాట రాగానే కాగితం మడిచేశాను. పాకం సంగతి గోదావరి వాళ్ళకు ఇటలీ వాడు చెప్పాలా?

వేగిన గోళీలను వెర్నియర్ క్యాలిపర్‌తో కొలిచాను. తొమ్మిది నుంచి పదకొండు మిల్లీమీటర్లు. పాస్.

“బావగారూ, ఇయి తినడానికాండీ, బేరింగుల్లో ఎయ్యడానికాండీ?” అంది సత్యవతి.

తేనె మూకుట్లో మరిగింది. మా ఆవిడ నీళ్ళ గిన్నెలో చుక్క వేసి, “తీగపాకమే, ఇంకా రావాలి,” అంది. “ఉండ ‘టంగు’మనాలక్కా,” అంది సత్యవతి. నేను హోల్డ్ పాయింట్ ప్రకటించాను. టంగుమంది. ఆ కాగితం వెనకే సంతకం పెట్టాను.

గోళీలు అందులో కలిపి పేర్చిన చక్రం గంట తర్వాత చల్లారింది. చాకు వంగింది. యార్డు పద్ధతిలో నడుమెత్తు నుంచి డ్రాప్ టెస్ట్ చేశాను. వంటింటి టైలు పగిలింది. చక్రానికి గీత కూడా పడలేదు.

సత్యవతి నవ్వలేదు. “ఇది కొరికి ఆ పెద్దావిడ పళ్ళూడితే నా వీసా ఖలాసండి. ఆ కాయితం మళ్ళీ ఓపాలి సదవండి.”

విప్పి చదివాను. ఆఖరి లైను కింద గీత కూడా గీసి ఉంది. తేనె పల్చబడేవరకే వెచ్చబెట్టాలి, మరిగించకూడదు.

“ఇది ఇందాక చదవలేదా?” అంది మా ఆవిడ.

“చదివాను. సగం.”

“యార్డులో కూడా ఇంతేనా?”

నేను చెప్పులు వేసుకున్నాను. కిందికి వెళ్ళి మళ్ళీ తేనె తెచ్చాను. రెండో చక్రం నిలబడింది, వేలితో లాగితే గోళీ ఒక్కొక్కటిగా ఊడివచ్చింది. వాళ్ళు తినేదే అలాగట, ఒకే పళ్ళెంలో చుట్టూ కూర్చుని.

క్రిస్మస్ మర్నాడు సత్యవతి ఫోన్ చేసింది. పెద్దావిడ నాలుగు గోళీలు తిని, లేచి వంటింట్లోకి వచ్చి, సత్యవతి ముఖం చూస్తూ ఏదో అన్నారట. కోడలు తర్జుమా చేసింది: నిమ్మతొక్క చాల్లేదు, వచ్చే ఏడు ఇంకాస్త వెయ్యమను.

“వచ్చే ఏడు అన్నారండి బావగారూ!” అంది సత్యవతి. జనవరిలో వీసా పొడిగించారు.

నేను తప్పు సంతకం పెట్టింది తెలియని పని మీద కాదు, బాగా తెలుసనుకున్న పని మీద. మొదటి చక్రాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, ‘రిజెక్టెడ్’ చీటీ కట్టి, యార్డులో నా టేబుల్ మీద పెట్టుకున్నాను. 2019లో రిటైరయ్యేదాకా ప్రొసీజరు కాగితాలు ఎగిరిపోకుండా అదే అదిమిపట్టింది. ఆఖరి లైను చదవకుండా ఏ కాగితాన్నీ దాని కిందికి పంపలేదు.